ఒక్కరికే మందు పూస్తే గజ్జి పోదు

మేము అరవంలో చదువుకున్నవాళ్ళం, తెలుగు రాయడం రిటైరయ్యాకే నేర్చుకున్నాం. తప్పులుంటే మన్నించండి.

ఈ ఉగాదికి కూడా వృద్ధాశ్రమంలో అన్నదానం చేద్దామని కమిటీలో అనుకుంటున్నారు. మంచిదే. కానీ మా మాట ఒకటి వినండి.

మా అత్తగారు రెండేళ్ళు ఒక ఆశ్రమంలో ఉన్నారు. ఏ ఆశ్రమమో ఇక్కడ వద్దు. ఒకసారి పోయి చూస్తే వేళ్ళ సందుల్లో, నడుం చుట్టూ పుళ్ళు. "ముసలి ఒళ్ళు కదా సార్, ఎండిపోయింది" అని కొబ్బరినూనె రాశారు. మేమే డాక్టరు దగ్గరికి తీసుకుపోతే గజ్జి అన్నాడు. పర్మెత్రిన్ క్రీము పూస్తే తగ్గింది. రెండు నెలల్లో మళ్ళీ వచ్చింది. రాదా మరి? పక్క మంచం ఆవిడకి పూయలేదు, ఇద్దరికీ స్నానం చేయించే ఆయాకీ పూయలేదు.

రైల్వేవాళ్ళకి ఇది తెలిసిన సంగతే. ఒక్క బెర్తుకి మందు కొడితే నల్లులు పక్క బెర్తుకి పోతాయి. పెట్టె మొత్తం కొట్టాలి.

గజ్జి మొదటిసారి పట్టినవాళ్ళకి దురద 4 నుంచి 6 వారాల తర్వాతే మొదలవుతుంది. ఆలోపే పక్కవాళ్ళకి అంటిస్తారు. అందుకే దురద ఉన్నా లేకున్నా, ఆశ్రమంలో ఉండేవాళ్ళకీ పనివాళ్ళకీ డాక్టరు చెప్పినట్టు ఒకే రోజు పూయాలి, రాత్రంతా ఉంచాలి, వారానికి మళ్ళీ పూయాలి. పక్కబట్టలు అదే రోజు వేడినీళ్ళలో ఉతకాలి.

ఆశ్రమంవాళ్ళు దాచారని మాకు కోపం. నిజం చెప్పాలంటే మేమూ దాచాం. మా ఇద్దరికీ దురద పట్టాక కూడా మనవాళ్ళ పెళ్ళికి పోయి అందరి చేతులూ పట్టుకుని పలకరించాం. సిగ్గు. గజ్జి మురికివాళ్ళకే వస్తుందని మన మనసులో ఉంది. రోజూ తలంటుకునేవాళ్ళకీ వస్తుంది. ఆశ్రమానికైతే సిగ్గుతో పాటు భయం కూడా, బయటికి తెలిస్తే కొత్తవాళ్ళు చేరరని.

మన పిల్లలుండే అమెరికాలో నర్సింగ్ హోమ్ అంటే పెద్దవాళ్ళని ఉంచి చూసుకునే చోటు, మన ఊరి చిన్న ఆస్పత్రి కాదు. ప్రభుత్వ డబ్బు తీసుకునే అలాంటి ప్రతి చోటా అంటురోగాలు చూసుకోవడానికి శిక్షణ ఉన్న మనిషి ఒకరుండాలని 2019 నవంబరు నుంచి రూలు. మనం అంతదూరం పోనక్కరలేదు.

ఈసారి అన్నదానం డబ్బులో సగం క్రీముకీ, దుప్పట్లకీ, ఇద్దరు చాకలివాళ్ళ కూలికీ ఇద్దాం. ముందు ఒక డాక్టరు అందరినీ చూడాలి. ఆశ్రమంవాళ్ళు వద్దంటే ఎందుకు వద్దో అడుగుదాం. ఆదివారం మీటింగులో ఈ మాట ఎత్తుతాం, మీరూ రండి.