వాషర్లు మారిస్తే సరిపోదు, వీల్ సిలిండరే మార్చండి



తై నెలలో మనవాళ్ల పాత కార్లన్నీ వరుసగా వాల్పారై దాకా పోయి రావాలని కుర్రాళ్లు గ్రూపులో రాసుకుంటా ఉన్నారు. చాలా సంతోషం. ఫోటోలు కూడా చూశాను. అంబాసిడర్లు, పద్మినీలు, ఎవరింట్లోనో దాచిపెట్టిన ఒక హెరాల్డు. పెయింటు అద్దంలా ఉంది, బంపర్లకు కొత్త క్రోమియం, సీట్లకు కొత్త కవర్లు. బ్రేకు వీల్ సిలిండర్ల మాట మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. అందుకే ఈ పొడుగు ఉత్తరం.

ఆళియారు నుంచి వాల్పారైకి 40 హెయిర్‌పిన్ మలుపులు. ఎక్కేటప్పుడు ఇంజినుకి పరీక్ష, దిగేటప్పుడు బ్రేకుకి. ఇంజిను మొరాయిస్తే రోడ్డు పక్కన ఆపి నీళ్లు పోసుకోవచ్చు. రెండోదానికి ఆ వెసులుబాటు లేదు.

నేను రైల్వేలో గుమాస్తాగా చేసినవాణ్ణి, బండి నడిపినవాణ్ణి కాదు. అయినా డ్రైవర్లు, గార్డులు చెప్పుకునే మాటలు వింటానే రిటైరయ్యాను. రైలు బ్రేకులో ఒక గొప్ప తెలివి ఉంది. పైపులో 5 కేజీల గాలి ఒత్తిడి ఉన్నంతసేపే బ్రేకు వదిలి ఉంటుంది. పైపు తెగినా, పెట్టె విడిపోయినా గాలి పోతుంది, దాంతో బ్రేకు తానుగా పడుతుంది. పాత వ్యాక్యూమ్ బ్రేకూ అదే లెక్క. చెడిపోతే బండి నిలబడుతుంది.

కారులో లెక్క తిరగబడుతుంది. మనం పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ నుంచి ఆయిల్ నాలుగు చక్రాలకూ తోసుకుపోతుంది. ప్రతి డ్రమ్ములో వీల్ సిలిండర్ ఉంటుంది (దీనికి తెలుగులో వేరే పేరు వెతకొద్దు, పట్టరైలో అందరూ అనేది ఇదే). దాని పిస్టన్లు బయటికొచ్చి షూలను డ్రమ్ముకి ఒత్తుతాయి. ఆ కాలపు చాలా కార్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే లైను. ఒక్క చక్రంలో రబ్బరు చినిగి ఆయిల్ బయటికొచ్చిందంటే నాలుగు చక్రాల బ్రేకూ పోయినట్టే. మిగిలేది వెనక చక్రాలకు తీగతో కట్టిన హ్యాండ్ బ్రేకు. ఇల్లంతా ఎక్కించుకుని కొండ దిగే బండికి అది చాలుతుందా?

"బండి షెడ్డులోనే ఉంది మామా, నడిస్తే కదా అరిగేది" అని ఒక అబ్బాయి నాతో వాదించాడు. నడవకపోవడమే దానికి చేటు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగుతుంది. కొండ దిగేటప్పుడు డ్రమ్ము కాగి, లోపల ఆవిరి పుట్టి, పెడల్ మెత్తగా లోపలికి పోవడం అందుకే. ఇంకో పక్క ఆ తేమే పోత ఇనుప సిలిండర్ లోపల తుప్పు పట్టించి సన్నని గుంటలు చేస్తుంది. పిస్టన్ కదలకుండా ఏళ్ల తరబడి ఒకేచోట నిలబడితే మరీను.

ఇక్కడే నాకు చాలామంది మెకానిక్కులతో పేచీ. డ్రమ్ము విప్పుతారు, ఉప్పు కాగితంతో లోపల నాలుగు తిప్పులు తిప్పుతారు, కొత్త వాషర్లు వేసి మూసేస్తారు. వట్టి మరక అయితే సరే, పోతుంది. గోరు పెట్టి గీస్తే గుంట తగిలిందంటే మాత్రం ఆ సిలిండర్ పని అయిపోయింది. కొత్త రబ్బరు ఆ గుంట అంచు మీద నడిచి నడిచి కోసుకుపోతుంది. కారిన ఆయిల్ లైనింగు మీద పడితే లైనింగు కూడా దండగే, కడిగినా పనికిరాదు.

కొత్తది దొరికితే కొత్తదే వేయండి. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, పద్మినీ అంతకంటే ముందే పోయింది. కాబట్టి అంగడిలో "ఇదీ సరిపోతుంది సార్" అని వేరే బండి సిలిండర్ చేతిలో పెడతారు. బోల్టు రంధ్రాలు కలిసినంత మాత్రాన తీసుకోవద్దు. ముప్పావు అంగుళం ఉండాల్సిన చోట ఏడు బై ఎనిమిది అంగుళాలది వేస్తే అదే ఒత్తిడికి షూ మీద బలం 36 శాతం పెరుగుతుంది. వెనక చక్రాలకు అలా జరిగితే అవే ముందు బిగుసుకుని, తడి రోడ్డులో బండి వెనక భాగం పక్కకు తిరుగుతుంది.

దొరకకపోతే పాతదాన్నే బోరు చేయించి, స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవు దించి, పాత కొలతకే తెప్పించుకోవచ్చు. కోయంబత్తూరులో ఉండి ఆ పని కుదరదంటే నేను ఒప్పుకోను. 1920లో ఒకే ఒక్క బస్సుతో మొదలుపెట్టిన మన జి.డి.నాయుడుగారు తిరిగిన ఊరు ఇది. వీధికొక లేత్ పట్టరై ఉంది, సగం మందికి ఇంట్లో భాష తెలుగే.

పని చేయించేటప్పుడు పక్కన నిలబడండి. ఎడమకు మారిస్తే కుడికీ మార్చాలి, లేకుంటే బ్రేకు తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. రబ్బరు వాషర్లను కిరోసిన్‌లో గానీ పెట్రోలులో గానీ కడగనివ్వద్దు, ఉబ్బిపోతాయి. కొత్త బ్రేకు ఆయిల్‌తోనే తడపాలి. ఆ ఆయిల్ పెయింటు మీద పడితే మీ అద్దంలాంటి మెరుపు లేచిపోతుంది, వెంటనే నీళ్లు పోయండి. డ్రమ్ములో దుమ్మును గాలి కొట్టి ఊదనివ్వద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. ఇంత చెప్పినా పట్టరైలో నవ్వుతారు. నవ్వనీయండి.

కార్తీక మాసంలోగా ప్రతి బండి డ్రమ్ము విప్పి, సిలిండర్ రబ్బరు టోపీ అంచును మెల్లగా ఎత్తి చూడండి. లోపల తడి కనిపించిన బండి పేరు జాబితాలోంచి తీసేయమని కార్యదర్శిగారిని కోరుతున్నాను, అది ఎవరి బండి అయినా సరే. స్లీవు వేయించాలనుకునేవాళ్లు రెండు పక్కల సిలిండర్లూ విప్పి, ఏ బండివో చీటీ కట్టి పట్టుకురండి. లేత్ పట్టరైకి నేనే తోడు వస్తాను.