పేరు పక్కన ఆ రెండక్షరాలు

జంగారెడ్డిగూడెం బస్టాండులో దిగి నాలుగడుగులు వేస్తే... ‘ఎముకలు, కీళ్ల వైద్య నిపుణులు’ అన్న బోర్డు ఎక్కడో ఒకచోట కళ్లబడుతుంది. పైన డాక్టరుగారి పేరు. పక్కన కామాలు పెట్టి విడదీసిన కొన్ని అక్షరాలు. బుట్టాయగూడెం నుంచి ఆటోలో, చెయ్యి విరిగిన పిల్లాణ్ని ఒళ్లో పెట్టుకుని వచ్చిన తల్లికి ఆ అక్షరాలు చదివే తీరిక ఉండదు. చదివినా అర్థం కావు. ‘ఎముకల డాక్టరు ఈయనేనా?’ అని పక్కనున్న మందుల షాపులో అడుగుతుంది. ఔనంటే లోపలికి వెళ్లిపోతుంది. అంతే!

నిజానికి ఆ తల్లి తెలుసుకోవాల్సిన సంగతి ఆ అక్షరాల్లోనే ఉంది.

ఎంబీబీఎస్ అయ్యాక నీట్ పీజీలో ర్యాంకు తెచ్చుకుని, మూడేళ్లు పెద్దాసుపత్రిలో రాత్రీపగలూ పనిచేస్తే ఎమ్మెస్ ఆర్థోపెడిక్స్ పరీక్షకు అర్హత వస్తుంది. ముందు థీసిస్ రాసి ఒప్పించాలి. తర్వాత నాలుగు పేపర్లు. వాటిలో ఒకటి శరీర నిర్మాణంలాంటి మూల శాస్త్రాల మీద, మరొకటి వైద్యంలో కొత్తగా వచ్చిన పద్ధతుల మీద. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పరీక్ష నిర్వహించేది 1986లో విజయవాడలో ఏర్పాటైన డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం. ఇదికాక జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే డీఎన్‌బీ ఉంది. ఆ బోర్డు 1975లో మొదలైంది. దాని రాత పరీక్షకు దేశమంతటా ఒకటే ప్రశ్నపత్రం. పాత బోర్డుల మీద కనిపించే డి.ఆర్థో రెండేళ్ల డిప్లొమా. 2019 తర్వాత అలాంటి డిప్లొమా సీట్లలో చాలా భాగాన్ని డిగ్రీ సీట్లుగా మార్చేశారు.

రాత పరీక్ష ఒక ఎత్తు. అసలు గండం ప్రాక్టికల్స్‌లో ఉంటుంది. ఎదురుగా నలుగురు పరీక్షకులు. అందులో ఇద్దరు బయటి నుంచి వచ్చినవాళ్లు. బల్ల మీద ఎముకలు, ఎక్స్‌రేలు, పనిముట్లు, ప్లేట్లు, రాడ్లు. ఏది చూపిస్తే దాని గురించి చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది ‘లాంగ్ కేసు’. ఒక మంచం మీద నిజమైన రోగి ఉంటాడు. అతనితో మాట్లాడి, ఒళ్లంతా పరీక్షించి, జబ్బేమిటో, ఏం చేస్తే బాగుపడుతుందో ఒక్కో మెట్టూ చెప్పుకొంటూ పోవాలి. మూడేళ్ల చదువుకు ఆ కాసేపటి మాటలే తూకం.

ఆ మంచం మీద పడుకునేది ఎవరు? ఏ పల్లె నుంచో ఆలస్యంగా ఆసుపత్రికి చేరినవాళ్లే ఎక్కువ. తుంటి విరిగి నెలల తరబడి ఇంట్లోనే మూలుగుతూ గడిపిన ముసలమ్మ. వంకరగా అతుక్కున్న మోచేత్తో వచ్చిన బడిపిల్లాడు. సరైన వైద్యం సకాలంలో అందక మిగిలిపోయిన బాధే అక్కడ ప్రశ్నపత్రం. కాబోయే డాక్టరును పాస్ చేయించేది చాలాసార్లు ఇలాంటి పేదవాడి విరిగిన ఎముకే!

ఉదాహరణకు చెట్టు మీంచి పడి, మోచేతి పైన ఎముక విరిగిన పిల్లాణ్నే తీసుకోండి. పల్లెల్లో ఏటా చూసే దెబ్బే ఇది. అభ్యర్థి ఎక్స్‌రే చూసి విరిగిన తీరు గడగడా చెప్పేయవచ్చు. ఆపరేషన్ పద్ధతులు వరసపెట్టి వల్లించవచ్చు. కానీ మణికట్టు దగ్గర నాడి చూశావా, వేళ్లు చాపితే పిల్లాడు ఏడ్చాడా అని పరీక్షకుడు అడిగినప్పుడు నీళ్లు నమిలితే... అక్కడే కథ అడ్డం తిరుగుతుంది. ఎందుకంటే విరిగిన ఎముక ఇవాళ కాకపోతే రేపు అతుక్కుంటుంది. రక్తం అందని కండరం అలాకాదు. ఆరు గంటలు దాటితే కోలుకోలేనంతగా చచ్చిపోవచ్చు. తర్వాత వేళ్లు కొంకర్లుపోయి చెయ్యి జీవితాంతం పనికిరాకుండా పోతుంది. జర్మనీ సర్జన్ రిచర్డ్ ఫాన్ ఫోక్‌మన్ దీన్ని 1881లోనే వివరించాడు. వాచిన చేతికి బిగించి కట్టిన కట్టే దీనికి కారణం కావచ్చని ఆయన ఆనాడే హెచ్చరించాడు.

మన దగ్గర విరిగితే కట్టు కట్టించడం తాతలనాటి అలవాటు. చిత్తూరు వైపు పుత్తూరు కట్టు పేరు తెలియనివాళ్లుండరు. ఇప్పటికీ వెదురు బద్దల కట్టు మీద నమ్మకం ఉన్నవాళ్లు గోదావరి జిల్లాల్లోనూ ఉన్నారు. ఖర్చు తక్కువ, కోత లేదు, అతుక్కున్నవాళ్లూ కళ్లముందే తిరుగుతుంటారు. అందులో తప్పుపట్టడానికేముంది? కాకపోతే కట్టు కట్టాక వేళ్లు నల్లబడుతున్నాయా, మొద్దుబారుతున్నాయా అని చూసే కన్ను కావాలి. అది చూడగలడా లేదా అని తేల్చే పరీక్ష కట్టు కట్టేవాళ్లకు లేదు. డాక్టరుకు ఉంది. తేడా అల్లా అదే.

మరి ఒక్కసారి పాసైతే చాలా?

అమెరికాలో 1934లో ఏర్పడిన ఆర్థోపెడిక్ సర్జరీ బోర్డు చాలదంటుంది. అక్కడ రెసిడెన్సీ ముగిశాక రాత పరీక్ష. ఆ తర్వాత కొంతకాలం సొంతంగా ప్రాక్టీసు చేశాక మౌఖిక పరీక్ష. అందులో పుస్తకంలోని ప్రశ్నలుండవు. ఆరు నెలల్లో తాను చేసిన ఆపరేషన్ల జాబితా బోర్డుకు పంపాలి. అందులోంచి వాళ్లు ఏరిన కేసుల్ని పరీక్షకుల ముందు సమర్థించుకోవాలి. ఎందుకు కోశావు, ఎందుకు ఈ ప్లేటే వేశావు, చీము ఎందుకు పట్టింది... అన్నిటికీ జవాబు చెప్పాలి. అక్కడితోనూ అయిపోదు. నిర్ణీతకాలం తర్వాత ఆ సర్టిఫికెట్‌ను పునరుద్ధరించుకోవాలి. ఇక్కడ ఎమ్మెస్ చేసి అమెరికా వెళ్లిన మన తెలుగు డాక్టర్లు ఆ బోర్డు పరీక్ష రాయాలంటే సాధారణంగా మళ్లీ రెసిడెన్సీ నుంచి మొదలుపెట్టాల్సిందే. బ్రిటన్‌లో కూడా ట్రామా, ఆర్థోపెడిక్స్‌కు విడిగా ఎఫ్‌ఆర్‌సీఎస్ పరీక్ష ఉంది.

మన దగ్గర ఒకసారి వచ్చిన ఎమ్మెస్ జీవితాంతం ఎమ్మెస్సే. మధ్యలో అడిగేదల్లా అయిదేళ్లకు 30 గంటలపాటు సదస్సులు, శిక్షణ తరగతుల్లో కూర్చోమనే. కూర్చున్నవాళ్లందరూ నేర్చుకున్నట్టేనా అంటే... అది వాళ్ల మనస్సాక్షికే వదిలేయాలి.

నేర్చుకోవడం ఎంత అవసరమో చెప్పడానికి జేమ్స్ స్టైనర్ కథ ఒక్కటి చాలు. ఆయన అమెరికాలో ఎముకల సర్జన్. 1976 ఫిబ్రవరిలో సొంతంగా నడుపుతున్న చిన్న విమానం నెబ్రాస్కాలోని పొలాల్లో కూలిపోయింది. భార్య అక్కడికక్కడే చనిపోయింది. నలుగురు పిల్లల్లో ముగ్గురికి తీవ్ర గాయాలు. దగ్గర్లోని చిన్న ఊరి ఆసుపత్రిలో అందిన వైద్యం చూసి ఆయన నిర్ఘాంతపోయాడు. డిగ్రీలున్న డాక్టర్లకు కూడా ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్లను ఏ వరసలో చూడాలో తెలియకపోవడమే లోపమని గుర్తించాడు. ముందు ఊపిరి, తర్వాత రక్తం, ఆ తర్వాతే ఎముక! ఆ ఆలోచనతో 1978లో ఒక శిక్షణ మొదలైంది. ఇప్పుడు ఏటీఎల్‌ఎస్ పేరిట ప్రపంచమంతటా నేర్పుతున్నది దాన్నే. ఆ సర్టిఫికెట్‌కు నాలుగేళ్లే గడువు.

స్టైనర్ చూసిన చిన్న ఊరు నెబ్రాస్కాలోనే ఉండాలని లేదు. 2021 డిసెంబరు 15న జంగారెడ్డిగూడెం దగ్గర ఆర్టీసీ బస్సు జల్లేరు వాగులో పడింది. డ్రైవరు సహా తొమ్మిదిమంది ప్రాణాలు పోయాయి. అలాంటి రోజున గాయపడ్డవాళ్లు ముందు చేరేది దగ్గరి ఆసుపత్రికే. ఈ ఊరికి జిల్లా కేంద్రమైన ఏలూరు యాభై కిలోమీటర్ల పైమాటే. ఏజెన్సీ లోపలి పల్లెల నుంచి ఇక్కడికి రావడానికే గంటలు పడుతుంది. పామాయిల్ తోటలో గెలలు కోస్తూ దెబ్బతిన్నవాడికీ, పొగాకు బ్యారన్‌లో కర్రలు ఎక్కిస్తూ జారిపడ్డవాడికీ ఆ ఆరు గంటల్లో సగం దారిలోనే కరిగిపోతాయి.

ఆశ లేకపోలేదు. 2023లో ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. పీజీ విద్యార్థులు మూడు నెలలపాటు జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నిబంధన వచ్చింది. మంచం మీది లాంగ్ కేసును అది లాంగ్ కేసుగా మారకముందే చూసే అవకాశం వాళ్లకు దొరుకుతుందన్నమాట.

ఈలోగా రోగి చేయగలిగిందీ కొంత ఉంది. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఆసుపత్రిలోనూ మందుల చీటీ మీదా ఉండాలని 2002 నాటి నిబంధనలు చెబుతున్నాయి. స్పెషలిస్టు డిగ్రీని రాష్ట్ర మెడికల్ కౌన్సిల్లో నమోదు చేయించుకోవాలి. ‘ఏం చదివారండీ?’ అని అడగడం అమర్యాదేం కాదు. అంతకన్నా తేలికైనది ఇంకోటుంది. కట్టు ఎవరు కట్టినా సరే... ఆ రాత్రి పిల్లాడి వేళ్లు ముట్టుకుని చూడండి. వెచ్చగా ఉన్నాయా? కదుపుతున్నాడా? చల్లబడినా, నొప్పితో గుక్కపట్టి ఏడుస్తున్నా తెల్లారేదాకా ఆగొద్దు. పరీక్ష గదిలో డాక్టరును అడిగే ప్రశ్నల్లో మొదటిది అదే. దాన్ని అడగడానికి తల్లికి ఏ డిగ్రీ అక్కర్లేదు.