రేవును తీరిగ్గా చూద్దాం

వీపున బ్యాగులేసుకుని విశాఖలో దిగే జంటల కోసం ఈ సంచిక. సముద్రమే లేని కొండపాక పత్రికలో రేవు ముచ్చట ఎందుకని మీరు అడగొచ్చు. 1933లో మొదలైన ఆ రేవులో ఎరువులూ దిగుతాయి, బొగ్గూ దిగుతుంది. లోతట్టు సేద్యానికీ దానితో లంకె ఉంది. అందుకే మా రచయితలు విశాఖను ఫొటోల వరుసగా కాక, పనిచేసే రేవుగా చూశారు. కురుసుర జలాంతర్గామిని, కైలాసగిరిని వదల్లేదు గానీ, ఎక్కువసేపు ఆగింది రేవు ముఖద్వారం దగ్గరే. గుడి, దర్గా, చర్చి పక్కపక్క కొండల మీదున్న ఆ చోటి నుంచి ఓడల రాకపోకలు కనిపిస్తాయి.

రెండ్రోజుల సెలవులో అంత తీరిక ఎక్కడిదన్న అభ్యంతరం న్యాయమే. కానీ తీరికను తినేసేది చూడాల్సిన చోట్ల జాబితాయే. సింహాచలం, తొట్లకొండ, భీమిలి డచ్చి సమాధులు ఒక్కరోజులో చుట్టేస్తే గుర్తుండేవి ఆటో బేరాలే (అవి ఎలాగూ తప్పవనుకోండి). సగం చోట్లు మానుకుని, సిటీ బస్సెక్కి, ఒక పూటంతా ఒకే కొండ మీద గడపమంటున్నాం.