నర్సమ్మ బొమ్మ

మన ఊళ్లలో గోడ ఒకరిది, దానిమీది వ్రాత మరొకరిది. ఎన్నికలు వస్తే పార్టీల గుర్తులు, తరువాత సిమెంటు కంపెనీల ప్రకటనలు, బడికి సెలవులిస్తే పిల్లల బొగ్గు గీతలు. మందిరపు ప్రహరీకి సున్నము వేయించిన వారమునాడే ఒక పిల్లవాడు దానిమీద ఎడ్లబండి గీస్తే మేము కోప్పడిన మాట నిజమే. బండి మాత్రము బాగానే గీశాడు.

అలా ఇతరుల గోడలమీద గీసే లోకప్రసిద్ధి పొందిన చిత్రకారుడు ఒకడు ఇంగ్లాండు దేశములో ఉన్నాడు. బ్యాంక్సీ అన్నది అతడు పెట్టుకున్న పేరు. బ్రిస్టల్ పట్టణపు వీధులలో మొదలుపెట్టాడు. అసలు పేరు దాచుకున్నాడు, ఎందుకంటే అనుమతి లేకుండా గోడమీద రంగు వేయడము అక్కడ నేరము. బొమ్మ ఆకారమును ముందుగానే అట్టలో కత్తిరించి తెచ్చుకొని, గోడకు ఆనించి, డబ్బాలోని రంగును పిచికారీ చేసి, ఎవరూ చూడకముందే వెళ్లిపోతాడు. మన దగ్గర బస్తాలమీద రేకు అచ్చు పెట్టి పేర్లు వేస్తారే, ఆ పనే.

అయితే 2020 మే నెలలో అతడు గోడ జోలికి పోలేదు. కరోనా తీవ్రముగా ఉన్న రోజులవి. సౌతాంప్టన్ ఓడరేవు పట్టణములోని జనరల్ ఆసుపత్రికి, కాన్వాసు గుడ్డమీద నూనె రంగులతో వేసిన చిత్రము ఒకటి పంపించాడు. దాదాపు మీటరు నిలువు, మీటరు అడ్డము. అత్యవసర విభాగమునకు దగ్గరలో దానిని తగిలించారు. చేస్తున్న సేవకు వందనాలనీ, నలుపు తెలుపు బొమ్మే అయినా ఈ చోటికి కొంచెము వెలుగు తెస్తుందని ఆశిస్తున్నాననీ ఒక చీటీ కూడా పెట్టాడు.

చిత్రములో ఒక చిన్న పిల్లవాడు నేలమీద మోకరించి ఆడుకుంటున్నాడు. ప్రక్కన చెత్తబుట్ట. అందులో స్పైడర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ బొమ్మలు పడి ఉన్నాయి. టీవీలో చూచి మన పిల్లలు కూడా అడిగే వీరుల బొమ్మలే అవి. వాడి చేతిలో మాత్రము నర్సు బొమ్మ ఉన్నది. ముఖానికి మాస్కు, భుజాల వెనుక ఎగురుతున్న గుడ్డ, ఒక చేయి ఆకాశమువైపు చాపి ఉన్నది. ఆమె ఎప్రాన్ మీది ఎర్ర సిలువ గుర్తు ఒక్కటే ఆ చిత్రమంతటిలో రంగు.

మొదటిసారి చూచినప్పుడు మాకు ఎంతో సంతోషము కలిగింది. రెండవసారి చూచినప్పుడు ఆ బుట్ట కనబడింది. పాత వీరులను బుట్టలో వేసినది కూడా ఆ పిల్లవాడే గదా. రేపు వాడికి విసుగు పుడితే ఈ నర్సమ్మ ఎక్కడికి పోతుంది? చిత్రకారుడు కావాలని పెట్టాడో లేదో గాని, ఆ ప్రశ్న అందులో ఉన్నది.

2021 మార్చి 23న లండనులో క్రిస్టీస్ అనే వేలము సంస్థ దానిని అమ్మింది. ఆ దేశములో మొదటి లాక్‌డౌన్ ప్రకటించి ఆనాటికి సరిగ్గా ఏడాది. ఎక్కువలో ఎక్కువ 35 లక్షల పౌండ్లు వస్తుందనుకున్నారు. రుసుములతో కలిపి 1 కోటి 67 లక్షల పౌండ్లు పలికింది. మన రూపాయలలో 160 కోట్లకు పైమాటే. పాటలో వచ్చిన సొమ్ము ఆ దేశపు ప్రజారోగ్య వ్యవస్థలో పనిచేసే వారి క్షేమము కొరకు, రోగుల కొరకు అని ముందే నిర్ణయమైనది. ఆసుపత్రి గోడకు ఇప్పుడు నకలు చిత్రము మిగిలింది.

అదే మార్చి నెలలో మరొక సంగతి జరిగింది. ఇంగ్లాండులోని నర్సులకు జీతము నూటికి 1 వంతు పెంచితే చాలునని ప్రభుత్వము ప్రతిపాదించింది. ముందటేడు పది వారాలపాటు గురువారము రాత్రి ఎనిమిదింటికి జనము గుమ్మాలలో నిలిచి చప్పట్లు కొట్టినది ఈ నర్సులకే. పెద్ద గొడవ జరిగిన పిమ్మట జూలైలో దానిని 3 వంతులు చేశారు.

వారిని అనడానికి మాకు నోరు రాదు. 2020 మార్చి 22 సాయంత్రము మనమూ పళ్లెములు మ్రోగించాము. మా సంఘపు బిడ్డ ఒకతె పట్టణములో నర్సు. ఆ ఆగస్టులో నాలుగు రోజుల సెలవు దొరికి ఇంటికి వచ్చింది. ఆమె నీళ్లకు వస్తే బోరింగు దగ్గర ఆడవాళ్లు బిందెలు తీసుకొని ప్రక్కకు జరిగారు. అది విని మేము చేసిన పని ఏమిటంటే, ఆమె తండ్రికి ఫోను చేసి, ఈ ఆదివారము అమ్మాయిని ఆరాధనకు పంపవద్దని చెప్పడము. సంఘము భయపడుతున్నది అన్నాము. భయపడినవారిలో మేమూ ఉన్నామని అనలేదు. ఆమె వచ్చింది. లోపలికి రాలేదు. ప్రహరీ అవతల వేపచెట్టు క్రింద నిలిచి, మైకులో మా ప్రసంగము విని వెళ్లిపోయింది. ఆనాటి ప్రసంగాంశము ఏమిటో ఇక్కడ వ్రాయడానికి మాకు సిగ్గుగా ఉన్నది.

గత నెల ఆమె మరల వచ్చినప్పుడు ఈ చిత్రమును ఫోనులో చూపించాము. ఆనాటి సంగతి కూడా ఎత్తి, మమ్మును క్షమించమని అడిగాము. దానికి జవాబివ్వకుండా చాలాసేపు బొమ్మనే చూచింది.

"ఈమెకు కాళ్లు నొప్పులు పుట్టవేమో అయ్యగారూ," అన్నది. తరువాత, "మాకు పన్నెండు గంటల డ్యూటీ అండీ, కూర్చుంటే సిస్టరు ఒప్పుకోదు," అని నవ్వింది.

ఆ వారములోనే ఆమె సంబంధము విషయమై ఒక కుటుంబమువారు మా యొద్దకు వచ్చారు. పిల్ల మంచిదే గాని రాత్రి డ్యూటీలు ఉంటాయట గదా, పెండ్లి తరువాత మాన్పిస్తారా అని అడిగారు. అలా అడిగినవారిలో వీరు మూడవవారు. మేము ఆ చిత్రమును వారికి చూపించలేదు. కిందటి సంవత్సరము ఆ పెద్దాయనకు గుండెనొప్పి వచ్చి పట్టణములో పదకొండు రోజులు పడుకున్నప్పుడు రాత్రిళ్లు మందులు ఇచ్చినవారు ఎవరని మాత్రము అడిగాము. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. ఇంటిలో ఆలోచించుకొని మరల వస్తామని చెప్పి వెళ్లారు.