ముఖపరిచయం ఎవరి ఆస్తి?

అమెరికాలో పైకి రావాలనుకునే నల్లజాతి స్త్రీలకు అందరూ ఇచ్చే సలహా ఒకటుంది. విందులకు వెళ్లాలి, నలుగురిలో కలవాలి, చొరవ చూపాలి, చిరునవ్వు చెదరనివ్వకూడదు. దీనికి నెట్‌వర్కింగ్ అని పేరు. నా అభ్యంతరం ఈ సలహా మీదే.

ఆ విందులు ఉత్త కాలక్షేపం కాదు. కొత్త ఉద్యోగాల కబుర్లు దగ్గరి స్నేహితుల కన్నా ముఖపరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఎక్కువగా అందుతాయని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రనోవెటర్ 1973లోనే రాశారు. అంటే ముఖపరిచయం కూడా ఒక ఆస్తే. మరి ముఖం చూడగానే పనిమనిషి అనుకునేచోట ఆ ఆస్తి ఎలా దక్కుతుంది?

జాన్ హోప్ ఫ్రాంక్లిన్ గొప్ప చరిత్రకారుడు. 1995లో దేశపు అత్యున్నత పౌర పురస్కారం అందుకోవడానికి ముందురోజు రాత్రి, తాను సభ్యుడిగా ఉన్న వాషింగ్టన్ కాస్మోస్ క్లబ్బులో మిత్రులకు విందు ఇచ్చారు. అక్కడ ఒక తెల్లజాతి స్త్రీ ఆయన చేతికి టోకెను ఇచ్చి తన కోటు తెచ్చిపెట్టమంది. అప్పుడాయన వయసు 80. ఆయనకు ఏ చొరవ తక్కువైందని? కోటు తెమ్మన్నది స్త్రీయేనన్న సంగతి మనం దాటవేయకూడదు.

స్త్రీవాద సభలూ దీనికి మినహాయింపు కాదు. 1979లో న్యూయార్క్‌లో 'సెకండ్ సెక్స్' మీద జరిగిన సదస్సులో ఆడ్రీ లార్డ్ నిర్వాహకులను నిలదీశారు. నల్లజాతి స్త్రీల మాట వినిపించింది ఒకే ఒక్క చర్చలో, అందులోని ఇద్దరినీ చివరి గంటలో వెతికి పిలిచారని ఎత్తిచూపారు. ఎవరిని పిలవాలో తెలియలేదనడం బాధ్యత తప్పించుకోవడమేనన్నారు. తెలియకపోవడం అమాయకత్వం కాదు. ఎవరితో కలిసి టీ తాగుతామో, ఎవరితో తాగమో, దాని ఫలితమది.

అమెరికాలో ఒక సాహిత్య సదస్సు విందులో నేనూ, ఒక నల్లజాతి ప్రొఫెసరూ పక్కపక్కన నిలబడ్డాం. నన్ను మీ దేశం గురించి అడిగారు. ఆమెను ఏ డిపార్ట్‌మెంటు ఆఫీసులో పనిచేస్తావని అడిగారు. ఆమె రెండు పుస్తకాల రచయిత్రి. వచ్చినవాళ్లు ముందు ఆమె మెడలోని బ్యాడ్జీ చదివి, ఆ తర్వాతే ముఖంలోకి చూస్తున్నారు. నాది పరాయితనం, ఆమెది సొంతగడ్డ మీదే అనుమానం. రెండూ ఒకటి కావు.

చిరునవ్వు చాలదు, జుట్టు కూడా మార్చుకోవాలి. సహజమైన జుట్టుతో ఉద్యోగానికి వెళ్లే హక్కు కోసం 2019లో కాలిఫోర్నియా చట్టమే చేయాల్సి వచ్చింది. ఆ విధంగా చట్టం చేసిన మొదటి రాష్ట్రం అదే.

విసిగి తమ చోటు తామే కట్టుకుంటే 'వేరు కుంపటి' అన్న నింద. 1994 జనవరిలో ఎం.ఐ.టి.లో జరిగిన నల్లజాతి విద్యావంతురాళ్ల సదస్సుకు సుమారు 2,000 మంది వచ్చారు. అంత ఆకలి ఎందుకు పుట్టిందో అడిగేవాళ్లు తక్కువ. అట్లాంటాలోని ఫియర్‌లెస్ ఫండ్ నల్లజాతి మహిళా వ్యాపారులకు 20,000 డాలర్ల గ్రాంట్లు ఇస్తుంటే 2023లో దాని మీద దావా పడింది. వాడుకున్నది ఏ చట్టాన్ని? బానిసత్వం నుంచి విడుదలైనవాళ్ల కోసం చేసిన 1866 పౌరహక్కుల చట్టాన్నే! 2024 జూన్‌లో అప్పీలు కోర్టు ఆ గ్రాంట్లను ఆపింది. సెప్టెంబరులో రాజీతో పథకం మూతపడింది. తరతరాలుగా క్లబ్బుల్లో తమవాళ్లకే కబుర్లు పంచుకున్నవాళ్ల మీద వేయడానికి మాత్రం అటువంటి దావా ఎవరికీ దొరకదు. ఎందుకంటే అక్కడ ప్రకటనా ఉండదు, దరఖాస్తూ ఉండదు. ఒక కరచాలనం ఉంటుంది, అంతే.

ఆ హాళ్లలో ఇప్పుడు మన తెలుగువాళ్లూ ఉన్నారు. పౌరహక్కుల ఉద్యమం ఊపులోనే 1965 వలస చట్టం వచ్చింది. పుట్టిన దేశాన్ని బట్టి పెట్టిన పాత కోటాలు రద్దయి మన డాక్టర్లకు, ఇంజినీర్లకు దారి దొరికింది. నల్లవాళ్లు లాఠీదెబ్బలు తిని తెరిచిన తలుపులోంచి లోపలికి వెళ్లి, వాళ్లకే వీపు చూపే గుంపులో నిలబడడం ఏ సంస్కారం?

అందుకే సలహా ఇవ్వాల్సింది ఆమెకు కాదు, ఆ గుంపుకు. ఆమె పుస్తకాలు చదివి రండి. ఆమెను ఆమె పనితో పరిచయం చేయండి. అన్నిటికన్నా ముందు, చెవిలో చెప్పుకునే ఉద్యోగాల కబుర్లను నోటీసుబోర్డు మీద పెట్టండి. అప్పుడు ఆమె నవ్వాలో వద్దో ఆమే నిర్ణయించుకుంటుంది.