టవరు ఒకరిది, బొమ్మ ఇంకొకరిది

1991 జనవరి 17, గల్ఫ్ యుద్ధం మొదలైన రోజు. జపాన్‌లో ఏ ఛానెల్ పెట్టినా బాగ్దాద్ మీద బాంబులే. టీవీ టోక్యో ఒక్కటే ఆ సాయంత్రం ఎప్పటిలాగే పిల్లలకు ‘మూమిన్’ బొమ్మల సీరియల్ వేసింది. ఆ దేశంలో ఇప్పటికీ ఒక హాస్యపు మాట ఉంది: టీవీ టోక్యో కూడా తన కార్యక్రమాలు ఆపేసిందంటే ఇక ప్రళయం వచ్చినట్టే. 2011 మార్చిలో భూకంపం, సునామీ ముంచెత్తినప్పుడు అదీ ఆపింది. మళ్లీ మామూలు ప్రసారాలకు అందరికంటే ముందుగా మళ్లిన వాణిజ్య ఛానెల్ కూడా అదే. ఎక్కడో లిఫ్టులో నలుగురు ఇరుక్కుంటే పది ఛానెళ్లూ అదే చూపించే మన దగ్గర నుంచి చూస్తే ఇదేదో గొప్ప నిబ్బరంలా కనిపిస్తుంది. అసలు సంగతి వేరు. మిగతా వాళ్లకున్నంత వార్తా విభాగం, వాళ్లకున్నన్ని డబ్బులు ఆ ఛానెల్‌కు ఎన్నడూ లేవు.

దాని పుట్టుకే పేద పుట్టుక. 1964 ఏప్రిల్ 12న ‘టోక్యో ఛానెల్ 12’ పేరుతో మొదలైంది. నడిపింది శాస్త్ర సాంకేతిక ప్రోత్సాహక సంస్థ ఒకటి. ప్రసారాల్లో ఎక్కువ భాగం సైన్సు పాఠాలే ఉండాలన్నది లైసెన్సు షరతు. పాఠాలకు ప్రకటనలు ఎవరిస్తారు? రెండేళ్లు తిరక్కముందే ప్రసారాలను రోజుకు ఐదున్నర గంటలకు కుదించుకోవాల్సి వచ్చింది. 1969లో ఆర్థిక దినపత్రిక నిక్కేయి నిర్వహణలో చెయ్యి పెట్టింది. 1973లో సాధారణ ఛానెల్‌గా మారింది, 1981లో ఇప్పటి పేరు వచ్చింది. ఆ రోజుల్లో టోక్యో జనం దాన్ని ‘ఊరవతల, ఇంటి నంబరు లేని చోటు’ అన్న అర్థం వచ్చే మాటతో వెక్కిరించేవారు. దాని నెట్‌వర్క్ కూడా అంతే. పోటీ సంస్థలకు దేశమంతటా పాతిక, ముప్పై స్టేషన్లు ఉంటే దీనికి ఒసాకా, ఐచి, ఒకయామా–కగావా, హొక్కైదో, ఫుకువొకాలతో కలిపి మొత్తం ఆరు. జిల్లాల్లో పుట్టి పెరిగిన జపనీయులలో చాలామంది చిన్నతనంలో టీవీ టోక్యోను చూడనే లేదు.

పెద్ద తారలను, పెద్ద డ్రామాలను, బేస్‌బాల్ హక్కులను కొనే తాహతు లేని ఛానెల్‌కు మిగిలింది పిల్లల సాయంత్రం వేళ. బొమ్మల సీరియల్‌కు అయ్యే ఖర్చులో పెద్ద వాటాను ఆటవస్తువుల కంపెనీలు పెడతాయి. ఆ దారి అంతకు ముందే పడి ఉంది. 1963 జనవరి 1న ఫుజి టీవీలో ‘ఆస్ట్రో బాయ్’ మొదలైనప్పుడు దాన్ని తీసిన ఒసాము తెజుకా స్టూడియోకు ఛానెల్ ఇచ్చిన సొమ్ము ఖర్చులకు చాలలేదు. లోటు పూడ్చింది బొమ్మ ముఖాన్ని మిఠాయిల మీద, ఆటవస్తువుల మీద వేసుకోనిచ్చిన హక్కులు. అంటే జపాన్ టీవీ యానిమే (బొమ్మల సీరియళ్లు) మొదటి అడుగులోనే ఒక లెక్క తేలిపోయింది: ఆదాయం ప్రసారంలో లేదు, బొమ్మలో ఉంది. ఈ లెక్కను పెద్ద ఛానెళ్లు పక్కన పెట్టగలిగాయి, వాటికి వేరే ఆదాయాలున్నాయి గనక. టీవీ టోక్యోకు అంత వెసులుబాటు లేదు.

1997 ఏప్రిల్ 1న ఆ ఛానెల్‌లో పోకెమాన్ వచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 16, మంగళవారం సాయంత్రం ఆరున్నరకు వేసిన 38వ భాగంలో ఎరుపు, నీలం వెలుగులు సెకనుకు పన్నెండు సార్లు మారుతూ మిరుమిట్లు గొలిపాయి. మూర్ఛలతో, వాంతులతో దాదాపు 685 మందిని ఆసుపత్రులకు తీసుకెళ్లారు, ఎక్కువ మంది పిల్లలు. సీరియల్ నాలుగు నెలలు ఆగిపోయింది. వెలుగు సెకనుకు మూడు సార్లకు మించి మెరవకూడదన్న నిబంధన వచ్చింది. గదిలో దీపం వేసుకుని, టీవీకి దూరంగా కూర్చుని చూడండి అన్న హెచ్చరిక జపాన్ యానిమేల మొదట్లో కనిపించడం అప్పటినుంచే. మరో ఛానెల్ అయితే ఆ దెబ్బకు బొమ్మల జోలికే వెళ్లేది కాదేమో. ఈ ఛానెల్‌కు వెనక్కి వెళ్లడానికి చోటు లేదు. పోకెమాన్ దుర్ఘటన జరిగి ఎనిమిది రోజులైనా కాకముందే అని అనబోయాను, లెక్క చూస్తే సరిగ్గా ఎనిమిది రోజులకు, డిసెంబరు 24న, దాని అనుబంధ సంస్థ రోజంతా యానిమేలే చూపించే ఏటీ–ఎక్స్ ఉపగ్రహ ఛానెల్‌ను మొదలుపెట్టింది.

అంతకంటే పెద్ద మలుపు అర్ధరాత్రి వేళల్లో వచ్చింది. 1995 అక్టోబరు నుంచి బుధవారం సాయంత్రాలు వేసిన ‘ఎవాంజెలియన్’ పిల్లల వేళలో వచ్చినా పెద్దవాళ్ల పిచ్చి అయింది. 1997లో దాన్ని అర్ధరాత్రి మళ్లీ వేస్తే జనం మేలుకుని చూశారు. నిద్రపోయే వేళ టీవీ సమయం చవక. సీరియల్ తీసే ప్రచురణకర్తలు, రికార్డు కంపెనీలు, ఆటవస్తువుల వాళ్లు కలిసి నిర్మాణ సంఘంగా ఏర్పడి ఆ వేళను తామే కొనుక్కోవడం మొదలుపెట్టారు. జపాన్ కార్యక్రమాల పట్టికల్లో ‘25 గంటల 30 నిమిషాలు’ అని వేస్తారు, రాత్రి ఒంటిగంటన్నర అని అర్థం. రెండేసి భాగాలున్న డిస్కు ఒక్కొక్కటి ఆరేడు వేల యెన్‌లు పలికేది. ఇక ప్రసారం సరుకు కాదు, సరుకుకు ప్రకటన. నాకు తెలిసి టీవీ చరిత్రలో ఇంత తలకిందుల బేరం మరొకటి లేదు. ఛానెల్ కార్యక్రమాన్ని కొనడం పోయి, కార్యక్రమమే ఛానెల్‌ను అద్దెకు తీసుకుంది.

అద్దెకే అయితే పెద్ద ఇల్లు దేనికి? టోక్యో ఎమ్‌ఎక్స్, చిబా టీవీ, కనగావాలోని టీవీకే లాంటి ఏ నెట్‌వర్కూ లేని స్థానిక స్టేషన్లు చాలు. 2006లో ‘హరుహి సుజుమియా’ ఇలాంటి చిన్న స్టేషన్లలోనే వచ్చి దేశాన్ని ఊపింది. 2019 ఏప్రిల్‌లో ‘డీమన్ స్లేయర్’ కూడా అంతే. దాని హక్కులున్న మూడు సంస్థలు అనిప్లెక్స్, షూయిషా, యుఫోటేబుల్. వీటిలో టీవీ కంపెనీ ఒక్కటీ లేదు. మరుసటి ఏడాది వచ్చిన సినిమా జపాన్‌లోనే 4,000 కోట్ల యెన్‌లకు పైగా వసూలు చేసి ఆ దేశపు రికార్డులన్నీ దాటింది. 2021లో ఫుజి టీవీ ఆ కథ తర్వాతి భాగాల ప్రసారాన్ని తెచ్చుకుని ఆదివారం రాత్రి వేసుకుంది. దేశమంతా టవర్లున్న ఛానెల్ ఇంటి యజమానిగా కాక అతిథిగా వచ్చి కూర్చుంది.

ఈ మార్పును ముందు పసిగట్టింది మళ్లీ ఆ ఊరవతలి ఛానెలే. 2009 జనవరిలో ‘నరుటో షిప్పుడెన్’ను జపాన్‌లో వేసిన గంటలోపు క్రంచీరోల్ ద్వారా విదేశీ చందాదారులకు అందించింది. క్రంచీరోల్ అప్పటిదాకా అనుమతి లేని వీడియోలకు అడ్డా. దొంగతో బేరమా అని మొహం చిట్లించిన వాళ్లు ఉండే ఉంటారు. 2021లో సోనీ అదే సంస్థను 117.5 కోట్ల డాలర్లకు కొంది. 2023లో యానిమే మొత్తం మార్కెట్ సుమారు 3.34 లక్షల కోట్ల యెన్‌లు, అందులో 1.72 లక్షల కోట్లు జపాన్ బయట నుంచే వచ్చాయని అక్కడి యానిమేషన్ సంస్థల సంఘం లెక్క. పెద్ద ఛానెళ్లు ఇప్పుడు పరుగెడుతున్నాయి. నిప్పన్ టీవీ 2023లో స్టూడియో జిబ్లీని అనుబంధ సంస్థగా చేసుకుంది. ‘వన్ పీస్’ను 2006 నుంచి ఆదివారం పొద్దున వేస్తున్న ఫుజి టీవీ 2025 ఏప్రిల్‌లో రాత్రి 11.15కు మార్చింది. ఇంత డబ్బు పారుతున్నా బొమ్మలు గీసే చేతికి దక్కేది తక్కువే. నిర్మాణ సంఘంలో వాటా లేని స్టూడియోకు ఒప్పుకున్న కూలీ తప్ప లాభం రాదు.

మన పిల్లలకు డోరేమాన్, షిన్‌చాన్ ఇంట్లో మనుషులే. అవి టీవీ అసాహి సరుకు అని వాళ్లకు తెలియదు, తెలియనక్కర్లేదు. తెలియాల్సింది మన ఛానెళ్లకు. తెలుగు ఛానెళ్లలో పిల్లల వేళ అనేదే దాదాపు లేకుండా పోయింది. ఉన్నదాంట్లో చాలావరకు అద్దెకు తెచ్చి గొంతు మార్చిన సరుకే. హైదరాబాద్‌లో పుట్టిన ఛోటా భీమ్ 2008లో పోగో ఛానెల్‌లో మొదలైనప్పుడు, దాన్ని తీసిన స్టూడియో గ్రీన్ గోల్డ్ ఆ బొమ్మ హక్కులను తన దగ్గరే ఉంచుకుంది. తర్వాత దాని ముఖం వేసిన సంచులను, టీషర్టులను సొంత దుకాణాల్లో అమ్ముకోగలిగింది అందుకే. తెజుకా లెక్కను మన ఊళ్లో అర్థం చేసుకున్నది టీవీ వాళ్లు కాదు, స్టూడియో వాళ్లు.

2025 సెప్టెంబరు 12న ‘డీమన్ స్లేయర్’ కొత్త సినిమా తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లలోకి వచ్చింది. తెచ్చింది సోనీ వారి క్రంచీరోల్. హక్కులు ఇప్పటికీ ఆ మూడు సంస్థలవే.