పువ్వే కదా అని విషం కొడదామా?

"పువ్వే కదా, ఎవరు తింటరు? కొట్టు." మందుల దుకాణంలో మన గులాబీ రైతుకు దొరికే సలహా ఇది. కూరగాయల్లో మందు అవశేషాలకు కనీసం కాగితం మీదనైనా హద్దు ఉంది. అంగడికి పోయే గులాబీని అడిగే నాథుడు లేడు. కానీ తెల్లవారక ముందే వట్టి చేతులతో ఆ పువ్వు తెంపేది మన ఆడవాళ్లు. నిన్న సాయంత్రం కొట్టిన మందు పొద్దున వాళ్ల వేళ్లకే అంటుతుంది.

విషం నోటి నుంచే పోవాలని లేదు. 2017లో పెన్‌గంగ అవతల, మన ఆదిలాబాద్‌ను ఆనుకొని ఉన్న యవత్‌మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు ప్రాణాలు విడిచారు. వాళ్లు మందు తాగలేదు, పిచికారీ చేశారంతే. అప్పుడు తప్పు రైతుదేనన్నారు, మాస్కు కట్టుకోలేదన్నారు. మే నెల ఎండలో, పత్తి చేను ఉక్కపోతలో ఆ తొడుగులు వేసుకొని గంటసేపు నిలబడి చూపించమని మేం అడుగుతున్నాం.

మందు తగ్గిస్తే తోట పోతుందని భయపెడతారు. నిజానికి తోటను చెడగొడుతున్నది అతి మందే. సింథటిక్ పైరిథ్రాయిడ్లు పదే పదే కొడితే ఎర్రనల్లిని తినే మిత్రపురుగులు చస్తాయి, నల్లి ఇంకా పెరుగుతుంది. యూరియా ఎక్కువైతే చిగురు మెత్తబడి పేనుబంకను, తామర పురుగును పిలుస్తుంది. అప్పుడు ఇంకో డబ్బా, ఇంకో ఉద్దెర. దుకాణం ఖాతా పెరుగుతుంది తప్ప పువ్వు పెరగదు.

చేయగలిగింది మన చేతుల్లోనే ఉంది. మొక్కల మధ్య గాలి ఆడనివ్వాలి. నీళ్లు ఆకుల మీద కాకుండా మొదట్లోనే, పొద్దుటి పూటే పెట్టాలి. ఆకు తడిగా ఉంటేనే నల్లమచ్చ వ్యాపిస్తుంది. రాలిన మచ్చల ఆకులు ఏరి తోట బయట పూడ్చాలి. కొమ్మలు కత్తిరించిన చోట బోర్డో పేస్టు పూయాలి. ఎర్రనల్లి మొదలుకాగానే ఆకుల అడుగున నీళ్లు జోరుగా కొట్టాలి. 5 కిలోల వేపగింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కొంచెం సబ్బు కలిపి, 100 లీటర్లు చేసి సాయంత్రం పూట పిచికారీ చేయాలి. తామర పురుగుకు నీలిరంగు జిగురు అట్టలు కట్టాలి. బూడిద తెగులు ముదిరితే నీటిలో కరిగే గంధకం చాలు, అదీ మండుటెండలో వద్దు.

ఇది కల కాదు. అప్పటి వరంగల్ జిల్లాలోని ఏనబావి 2006లోనే ఊరంతా రసాయనాలు మానేశామని ప్రకటించుకుంది. అక్కడ కలిసి నిలబడ్డారు కాబట్టి సాధ్యమైంది. ఒక్క రైతు మానితే పక్క చేను పురుగు అతని మీదనే పడుతుంది.

అందుకే నెపం రైతు మీద వేసి తప్పుకోవద్దని ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. 5,000 ఎకరాలకొక విస్తరణాధికారి అన్నారు. ఆ అధికారి నెలకోసారైనా పూలతోటలోకి రావాలి. రైతు వేదికల్లో వేపపిండి, జిగురు అట్టలు సబ్సిడీ మీద ఇవ్వాలి. జమ్మికుంట, ఆదిలాబాద్ కృషి విజ్ఞాన కేంద్రాలు పూల రైతులకు తోటలోనే శిక్షణ ఇవ్వాలి. డబ్బా మీద జాగ్రత్తలు కంటికి కనబడేంత తెలుగు అక్షరాల్లో ఉండాలి. సలహా ఇచ్చేవాడు, మందు అమ్మేవాడు ఒక్కడే కాకూడదు.

అప్పటిదాకా మన సంఘం సభ్యులు ఒక్క మాట మీద ఉందాం. పురుగును కంటితో చూడకుండా డబ్బా మూత తీయొద్దు. బతుకమ్మను పూలతో పేర్చే నేల ఇది. ఆ పూలు తెంపే చేతులను కాపాడుకోలేమా?